విమానం ఎక్కడ దిగాలి, రైలు ఎక్కడ ఎక్కాలి: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మిలాన్ దాకా

బయల్దేరే ముందు

బావగారికి కొలోన్‌లో పని పడింది. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి అక్కకి పారిస్ చూడాలని, నాకు ఆల్ప్స్ కొండల కింద నుంచి వెళ్లే రైలు ఎక్కాలని ఆశ. ఈ మూడూ ఒకే ప్రయాణంలో ఇమడాలంటే టికెట్ ఎలా తీయాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది.

బావగారు కనెక్టింగ్ ఫ్లైట్ వైపు. మ్యూనిక్‌లో విమానం మారి కొలోన్ విమానాశ్రయంలోనే దిగుదామని. "సామాను ఇక్కడ ఇచ్చేస్తే అక్కడ తీసుకోవడమే కదా, మధ్యలో పెట్టెలు లాగే పని ఉండదు" అన్నారు. అక్కకి మోకాలి నొప్పి, కాబట్టి కొట్టిపారేయాల్సిన మాట కాదు.

కానీ ఆ మారడానికి ఇచ్చిన సమయం గంటా పది నిమిషాలు. యూరప్ బయట నుంచి వచ్చినవాళ్లకి షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, మొదట దిగిన చోటే పాస్‌పోర్టు తనిఖీ జరుగుతుంది. చివరి ఊరు ఏదైనా సరే, క్యూ మాత్రం మ్యూనిక్‌లోనే. 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ విధానం మొదలయ్యాక మొదటిసారి వెళ్లేవాళ్ల వివరాలు, ముఖం ఫోటో కూడా అక్కడే నమోదు చేస్తున్నారు. ఆ తర్వాత తరచుగా మరోసారి సెక్యూరిటీ చెక్ ఉంటుంది. ఆ తర్వాత గేటు వెతుక్కోవాలి. గంటా పది నిమిషాలంటే కాగితం మీద బాగానే కనిపిస్తుంది గానీ, మన విమానం అరగంట ఆలస్యంగా దిగితే చాలు, టెన్షన్ మొదలైనట్టే.

రెండో దారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి రైలెక్కడం. అక్కడి విమానాశ్రయంలోనే దూరప్రయాణ రైళ్ల స్టేషన్ ఉంది, 1999లో కట్టారు. అక్కడి నుంచి కొలోన్‌కి 2002లో తెరిచిన హైస్పీడ్ లైను మీద రైలు గంటకి 300 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ప్రయాణం గంట, అటూ ఇటూగా.

నన్ను భయపెట్టింది రైలు వేగం కాదు, అది సమయానికి నడుస్తుందన్న నమ్మకం లేకపోవడం. జర్మనీలో 2024లో దూరప్రయాణ రైళ్లలో సమయానికి నడిచినవి 62.5 శాతమే. అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. అలాంటప్పుడు విమానం టికెట్ వేరుగా, రైలు టికెట్ వేరుగా కొంటే, విమానం ఆలస్యమై రైలు తప్పినా ఆ నష్టం మనదే. టికెట్ ఒకటే అయితే తప్పిపోయిన దానికి బదులు తర్వాతది ఇప్పించే బాధ్యత అమ్మినవాళ్లది. విమానమా రైలా అన్న ప్రశ్న కన్నా ఈ ప్రశ్న ముందు అడగాలని నా అభిప్రాయం: మధ్యలో తెగితే అతికించేది ఎవరు?

అదృష్టవశాత్తూ లుఫ్తాన్సా ఎక్స్‌ప్రెస్ రైల్ అని ఒక ఏర్పాటు ఉంది. రైలుకి విమానం నంబరు ఉంటుంది, బోర్డింగ్ పాస్ కూడా ఉంటుంది, అంతా ఒకే టికెట్ మీద. కొలోన్ ప్రధాన స్టేషన్‌కి విమానాశ్రయాలకి ఉన్నట్టే మూడక్షరాల కోడ్ కూడా ఉంది. రైల్ అండ్ ఫ్లై అని ఇంకోటి ఉంది, అందులో ఏ రైలైనా ఎక్కవచ్చు గానీ సమయం చూసుకోవాల్సింది మనమే. వెళ్లేటప్పుడు మొదటిది తీసుకున్నాం. తిరుగు ప్రయాణం మాత్రం మిలాన్ నుంచి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి ఎక్కే ఇలాంటి టికెట్‌ని ఓపెన్-జా అంటారు. వెబ్‌సైట్లలో మల్టీ సిటీ అనే చోట దొరుకుతుంది. రెండు విడి టికెట్లు కొనడం కన్నా చాలాసార్లు ఇదే చవక, మళ్లీ మొదటి ఊరికి వెనక్కి రావాల్సిన పనీ ఉండదు.

ఆదివారం, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్

తెల్లవారుజామున దిగాం. అక్క కోసం ముందే వీల్‌చైర్ సాయం అడిగి పెట్టాను. యూరప్ విమానాశ్రయాల్లో ఈ సాయం విమానాశ్రయం వాళ్ల బాధ్యత, 48 గంటల ముందు చెబితే చాలు, డబ్బులేమీ తీసుకోరు. రైళ్లకి కూడా ఇలాంటి హక్కు ఉంది, 24 గంటల ముందు చెప్పాలి. కానీ రెండూ వేర్వేరు దరఖాస్తులు. విమానం టికెట్‌లో అడిగిన సాయం రైలు తలుపు దాకా దానంతటదే రాదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పాస్‌పోర్టు తనిఖీ, లగేజీ బెల్టు అయ్యేసరికి గంటన్నర. మ్యూనిక్ టికెట్ తీసుకుని ఉంటే ఈపాటికి పరుగులు పెడుతూ ఉండేవాళ్లం.

ఇంతలో బావగారికి ఫోన్. కొలోన్‌లో ఆయన పరిచయస్తుడు పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చాడట, కారులో తీసుకెళ్తానంటున్నాడు. బావగారి ముఖం వెలిగిపోయింది.

"రైలెందుకు ఇక, హాయిగా కారులో పోదాం పదవయ్యా."

"కుదరదు బావగారూ. ఈ రైలు మన టికెట్‌లో ఒక విమానం లెక్క. ఇది ఎక్కకపోతే మనం రాలేదని రాసుకుంటారు. తర్వాతి భాగాలు, అంటే మిలాన్ నుంచి మన తిరుగు ప్రయాణం కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది."

"రైలు ఎక్కకపోతే విమానం రద్దు చేస్తారా?"

"అదే వరసలో వాడాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే మిగిలింది చెల్లదు."

ఆయన నమ్మలేదు. టికెట్ నిబంధనలు ఫోన్‌లో తీసి చూపించాను. కళ్లజోడు పైకి లేపి మొత్తం చదివి, పరిచయస్తుడికి క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేశారు. ఒకే టికెట్ ఇచ్చే రక్షణకి ఇది రెండో ముఖం. అది మనల్ని కాపాడుతుంది, అలాగే కట్టేస్తుంది. దారిలో మనసు మార్చుకునే అలవాటు ఉన్నవాళ్లు కొనేముందే ఆలోచించుకోవాలి.

టెర్మినల్ 1 నుంచి స్టేషన్‌కి పైకప్పున్న వంతెన మీదుగా నడిచాం. విమానాశ్రయంలో రెండు స్టేషన్లున్నాయి. టెర్మినల్ కిందనే ఉన్నది లోకల్ రైళ్లకి, కొంచెం దూరంగా ఉన్నది దూరప్రయాణాలకి. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే. ప్లాట్‌ఫాం నంబరు ముందు 'ఫెర్న్' అని ఉంటే అది దూరప్రయాణ రైలు. ప్లాట్‌ఫాం పొడవునా ఎ, బి, సి అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. మన కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు. రైలు ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి ముందే అక్కడ నిలబడి ఉండటం మంచిది. అక్కని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, పెట్టెలు పక్కనే పెట్టుకుని నిలబడ్డాం. రైలు వచ్చింది, మా తలుపు సరిగ్గా మా ఎదుటే ఆగింది. మెట్లు మాత్రం ఉన్నాయి. ఒక జర్మన్ కుర్రాడు అడగకుండానే అక్క పెట్టె లోపలికి ఎత్తి పెట్టాడు.

కొలోన్ స్టేషన్ బయటకి రాగానే కేథడ్రల్ మీద పడుతున్నట్టే ఉంటుంది, అంత దగ్గర. 157 మీటర్ల జంట గోపురాలు. విమానంలో వచ్చి ఉంటే ఊరి బయట దిగి మళ్లీ ఊళ్లోకి ఇంకో రైలు ఎక్కాల్సి వచ్చేది.

సోమ, మంగళవారాలు, కొలోన్

బావగారు పనికి వెళ్లారు. అక్క, నేను రైన్ నది ఒడ్డున తిరిగాం. హోహెన్‌జోలెర్న్ వంతెన కంచె నిండా ప్రేమికులు వేసిన తాళాలు. వాటి పక్క నుంచే రైళ్లు పోతుంటాయి.

బుధవారం, కొలోన్ నుంచి పారిస్

ఈ రోజు గురించే ఎక్కువ చెప్పాలి.

కొలోన్ నుంచి పారిస్‌కి నేరుగా వెళ్లే రైళ్లు ఉన్నాయి, బ్రసెల్స్ మీదుగా మూడు గంటల ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. మాకు వీలైన వేళల్లో ముగ్గురికీ కలిపి సీట్లు దొరకలేదు. అందుకని మన్‌హైమ్ దాకా ఒక రైలు, అక్కడి నుంచి పారిస్‌కి ఇంకో రైలు. రెండూ కలిపి ఒకే టికెట్, అది మాత్రం పట్టుబట్టి తీసుకున్నాను. బావగారు ఈ రోజుకి కూడా విమానమే వెతికారు. దాని లెక్క ఆయన ముందే వేసి చూపించాను. విమానాశ్రయానికి వెళ్లడం, ముందుగా చేరడం, గాల్లో గంట పైన, దిగాక లగేజీ, అక్కడి నుంచి పారిస్ ఊళ్లోకి. మొత్తం అయిదు గంటలకి తగ్గలేదు. రైలు కూడా మన్‌హైమ్ దారిలో అంతే పడుతుంది. సమయంలో తేడా లేనప్పుడు మిగతావి చూడాలి. రైల్లో అక్క లేచి కాళ్లు చాపుకోవచ్చు, నీళ్ల సీసా పారేయక్కర్లేదు, బెల్టు విప్పక్కర్లేదు.

మన్‌హైమ్‌కి వెళ్లే రైలు బయల్దేరాక దారిలో ఒకచోట ఆగిపోయింది. ముందు లైనులో సమస్య అని ప్రకటన. పది నిమిషాలు, ఇరవై, నలభై. పక్కవాళ్లంతా ఫోన్లు తీశారు. మా పారిస్ రైలు మేం చేరకముందే మన్‌హైమ్ వదిలేసింది.

జర్మనీ టికెట్లలో ఒక మంచి నిబంధన ఉంది. చవక టికెట్ అంటే ఆ రైలుకే కట్టుబడి ఉండాలి. కానీ గమ్యం చేరడంలో ఆలస్యం 20 నిమిషాలు దాటుతుందని తెలిస్తే ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలెక్కవచ్చు. చిక్కల్లా ఫ్రాన్స్ వెళ్లే రైళ్లతోనే. వాటిలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. ఊరికే ఎక్కేస్తే కుదరదు, కౌంటర్‌కి వెళ్లి మార్పించుకోవాలి.

మన్‌హైమ్ స్టేషన్ టికెట్ ఆఫీసులో టోకెన్ తీసుకుని కూర్చున్నాం. మా ముందు ఒకావిడ, వయసు అరవై ఉంటుంది. ఆవిడ కూడా పారిస్ వెళ్లాల్సిందే. కానీ మన్‌హైమ్ దాకా ఒక చోట, అక్కడి నుంచి ఇంకో చోట, రెండు టికెట్లు విడిగా కొన్నారు. కౌంటర్‌లో అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. మొదటి టికెట్ ప్రకారం ఆవిడ మన్‌హైమ్ చేరిపోయారు, ఆలస్యంగానైనా. రెండో టికెట్ ప్రకారం రైలు సమయానికే వెళ్లింది, ఆవిడే రాలేదు. చివరికి కొత్త టికెట్ కొనుక్కోవాల్సి వచ్చింది. పర్సు తీస్తూ ఆవిడ మా వైపు చూసి నవ్వే ప్రయత్నం చేశారు.

మా వంతు వచ్చాక అయిదు నిమిషాల్లో అయిపోయింది. కార్ల్స్‌రూహె వెళ్లి, అక్కడ స్ట్రాస్‌బూర్గ్ మీదుగా పారిస్ పోయే రైలెక్కమని, దానిలో ముగ్గురికీ సీట్లు రాసిచ్చింది ఆ అమ్మాయి. ఒక్క యూరో అదనంగా అడగలేదు. పాత టికెట్ మీద ఆలస్యం ముద్ర వేసి, "ఇది దాచుకోండి, డబ్బు వెనక్కి అడిగేటప్పుడు కావాలి" అని చెప్పింది. రైలు ఎక్కాక అక్క ఒకటే మాట అంది: "ఆ పెద్దావిడకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదిరా." ఈ యాత్ర గురించి రాయాలనిపించింది ఆ మాట విన్నాకే.

యూరప్ నిబంధనల్లో విమానానికి, రైలుకి తేడా ఇక్కడ చెప్పాలి. 2004 నాటి 261 నిబంధన ప్రకారం విమానం మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ ఆలస్యంగా చేరిస్తే, సంస్థ చేతిలో లేని అసాధారణ కారణం కాకపోతే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం ఉంటుంది. టికెట్ ఎంతకి కొన్నారన్నదానితో సంబంధం లేదు. ఒకే బుకింగ్‌లో కనెక్షన్ తప్పి చివరి ఊరికి ఆలస్యంగా చేరినా వర్తిస్తుంది. రైలుకి పరిహారం టికెట్ ధరలో భాగం. గంట దాటితే 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం. అంటే పెద్ద ఆలస్యాల్లో విమాన ప్రయాణికుడికే ఎక్కువ ముడుతుంది. రైలుకి ఉన్న బలం వేరు. తర్వాతి రైలు చాలాసార్లు గంటకో రెండు గంటలకో ఉంటుంది, తర్వాతి విమానంలో ఖాళీ సీటు మర్నాటి దాకా దొరక్కపోవచ్చు.

స్ట్రాస్‌బూర్గ్ దాటాక రైలు గంటకి 320 కిలోమీటర్లు అందుకుంది. 2007 ఏప్రిల్ 3న ఒక ప్రత్యేక టీజీవీ, అంటే ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు, గంటకి 574.8 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించింది ఈ తూర్పు లైను మీదే. బావగారు ఆ మాట విని కిటికీ వైపు జరిగి కూర్చున్నారు. పారిస్ గార్ ద లెస్ట్ స్టేషన్ చేరేసరికి అనుకున్న దాని కన్నా రెండు గంటల పైన ఆలస్యం.

గురు, శుక్రవారాలు, పారిస్

హోటల్ కావాలనే గార్ ద లియోన్ స్టేషన్ పక్కన తీసుకున్నాం. పారిస్‌లో అన్ని దిక్కులకీ వెళ్లే ఒకే పెద్ద స్టేషన్ లేదు. ఉత్తరానికి నార్, తూర్పుకి ఎస్త్ (మేం దిగిన గార్ ద లెస్ట్ ఇదే), ఆగ్నేయానికి, స్విట్జర్లాండ్‌కి లియోన్, పశ్చిమానికి మోన్‌పర్నాస్. ఒక దిక్కు నుంచి వచ్చి ఇంకో దిక్కుకి వెళ్లేవాళ్లు ఊరు దాటి స్టేషన్ మారాలి. నార్ నుంచి లియోన్‌కి ఆర్‌ఈఆర్ డి అనే పారిస్ లోకల్ రైల్లో రెండే స్టాపులు గానీ, పెట్టెలతో మెట్లు, గేట్లు, రద్దీ కలిపి చూస్తే గంట పైనే పెట్టుకోవాలి. కనెక్టింగ్ ఫ్లైట్‌లో టెర్మినల్ మారడం కన్నా ఇదే కష్టం. బుకింగ్ సైట్లు దీన్ని ఒక చిన్న నడక బొమ్మతో సరిపెట్టేస్తాయి. ఆ బొమ్మ కనిపిస్తే ఆగి, రెండు స్టేషన్ల పేర్లు చదవండి.

ఫ్రాన్స్‌లో విమానం–రైలు వ్యవహారం చట్టం దాకా వెళ్లింది. రెండున్నర గంటల లోపు రైలు ఉన్న దారుల్లో దేశీయ విమానాలు నడపకూడదని 2023 మేలో నిబంధన అమల్లోకి వచ్చింది. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నుంచి బోర్దో, నాంత్, లియోన్ నగరాల దారులు దాని కిందకి వచ్చాయి. కనెక్టింగ్ ప్రయాణికులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు, అందుకే పారిస్ పెద్ద విమానాశ్రయం షార్ల్ ద గోల్ నుంచి లియోన్‌కి విమానాలు ఉంటాయి. ఆ విమానాశ్రయంలోనూ టెర్మినల్ 2 దగ్గర 1994 నుంచి టీజీవీ స్టేషన్ ఉంది. బ్రసెల్స్ వెళ్లే ఎయిర్ ఫ్రాన్స్ ప్రయాణికులు అక్కడి నుంచి వెళ్లేది రైల్లోనే.

సమ్మెల గురించి కూడా ఒక మాట. ఫ్రాన్స్‌లో సమ్మె చేసే రైల్వే ఉద్యోగులు 48 గంటల ముందు చెప్పాలి. కాబట్టి ఏ రైళ్లు నడుస్తాయో ముందు రోజు సాయంత్రానికి తెలిసిపోతుంది. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఒకసారి చూసుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు.

అక్క ఐఫెల్ టవర్ ఎక్కింది, రెండో అంతస్తు దాకా, లిఫ్టులో. దిగాక నోత్రదామ్ దగ్గర నది ఒడ్డున చాలాసేపు కూర్చున్నాం.

శనివారం, పారిస్ నుంచి జ్యూరిక్

టీజీవీ లిరియా, నాలుగు గంటల పైచిలుకు. ఇవి రెండంతస్తుల రైళ్లు. సీటు ఎంచుకునేటప్పుడు కింది అంతస్తు అడిగాను. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం, లోపలి మెట్లు ఇరుకుగా ఉంటాయి. ప్లాట్‌ఫాం నంబరు సుమారు 20 నిమిషాల ముందే చూపిస్తారు. అప్పటిదాకా హాల్లో జనమంతా తల పైకెత్తి తెర వైపే చూస్తుంటారు. నంబరు పడగానే అందరూ ఒక్కసారి కదులుతారు. బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు.

విమానంతో పోలిక ఇక్కడ తేలిగ్గా తేలిపోయింది. గాల్లో గంటా పావు, కానీ రెండు వైపులా కలిపి చూస్తే నాలుగున్నర గంటలు దాటుతుంది. రైలు అరగంట ముందు చేరుకుంటే చాలు, ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి. నాలుగైదు గంటల లోపు రైలు ఉంటే యూరప్ లోపల నేను విమానం వైపు చూడను. ఆరు గంటలు దాటితే, పెద్దవాళ్లు ఉంటే, చూస్తాను.

బాసెల్ దగ్గర స్విస్ కస్టమ్స్ వాళ్లు కోచ్‌లోకి వచ్చి ఇద్దరి సంచులు చూశారు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. వీసా అదే చెల్లుతుంది, కస్టమ్స్ మాత్రం వేరు. పాస్‌పోర్టు పెట్టెలో అడుగున కాకుండా చేతి సంచిలో ఉండాలి.

ఆదివారం, జ్యూరిక్

సెలవు రోజు పొద్దున్న జ్యూరిక్ ప్రధాన స్టేషన్‌లో గంటసేపు ఊరికే నిలబడి చూశాను. అక్క విసుక్కోలేదు, కాఫీ తాగుతూ కూర్చుంది.

స్విస్ రైళ్లు 1982 నుంచి ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి. ప్రతి దారిలో, ప్రతి గంటకీ, అదే నిమిషానికి రైలు. పెద్ద స్టేషన్లలోకి రైళ్లన్నీ గంట కొట్టే ముందు వచ్చి, కొట్టాక బయల్దేరతాయి. మధ్యలో ఆ కొన్ని నిమిషాల్లో జనం ఒక రైలు దిగి ఇంకోటి ఎక్కుతారు. అరగంట దగ్గర మళ్లీ అదే. పది గంటలకి రెండు మూడు నిమిషాల ముందు నేను నిలబడ్డ చోట వరసగా ప్లాట్‌ఫాంలన్నీ నిండాయి. పది దాటాక అన్నీ ఖాళీ. జ్యూరిక్ నుంచి బెర్న్‌కి ప్రయాణం గంట లోపు ఉంటేనే ఈ కలయిక కుదురుతుందని 2004లో కొత్త లైను కట్టి 56 నిమిషాలకి తెచ్చారు. వీలైనంత వేగంగా కాదు, అవసరమైనంత వేగంగా. కనెక్షన్‌ని ముందు పెట్టుకుని దారి కట్టడం అంటే ఇదీ. విమానాశ్రయం కిందే స్టేషన్, ప్రధాన స్టేషన్ నుంచి పది నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. ఇక్కడి నుంచి ఇంటికి విమానం ఎక్కేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన ఊరు నేను చూడలేదు.

సోమవారం, జ్యూరిక్ నుంచి మిలాన్

మా విమానం మంగళవారం. అయినా సోమవారమే మిలాన్ బయల్దేరాం. రైలు టికెట్ వేరు, విమానం టికెట్ వేరు కాబట్టి మధ్యలో ఒక రాత్రి ఉంచాను. విడి టికెట్లు తప్పనిసరైనప్పుడు ఆ రాత్రే మన బీమా. ఒక రాత్రి హోటల్ ఖర్చు, తప్పిపోయిన అంతర్జాతీయ విమానం ఖర్చులో చిన్న ముక్క.

నేను ఎదురుచూసిన గోథార్డ్ సొరంగం ఇదే. 57 కిలోమీటర్లు, ప్రపంచంలోనే పొడవైన రైలు సొరంగం, 2016 జూన్ 1న ప్రారంభించారు. ఇరవై నిమిషాలు చీకటే. అక్క కిటికీలో తన ముఖమే చూసుకుంటూ, "దీనికోసమా ఇంత దూరం తీసుకొచ్చావు?" అంది. 1882 నాటి పాత దారి ఇంకా పైన ఉంది, నెమ్మది రైళ్లు వెళ్తాయి. అది కొండలో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే వాసెన్ అనే ఊరి చర్చి మూడు వేర్వేరు ఎత్తుల్లో మూడుసార్లు కనిపిస్తుంది. సమయం ఉన్నవాళ్లు ఆ దారే ఎంచుకోవాలి. సొరంగం దాటి లుగానో సరస్సు కనిపించాక అక్క సర్దుకుంది.

ఇదే సొరంగంలో 2023 ఆగస్టులో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. మళ్లీ పూర్తిగా తెరిచింది 2024 సెప్టెంబర్ 2న. ఆ 2023 ఆగస్టులోనే ఫ్రాన్స్ వైపు మోరియెన్ లోయలో కొండచరియలు పడి పారిస్–మిలాన్ నేరు రైళ్లు 2025 మార్చి ఆఖరు దాకా ఆగిపోయాయి. విమానాలు తుఫానుకి ఆగినా ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. రైలు దారి తెగితే నెలలు పడుతుంది, చుట్టూ తిరిగి పోవాలి. ఆల్ప్స్ దాటే రైలు మీద ఆధారపడేవాళ్లు టికెట్ కొనేముందు ఆ లైను పరిస్థితి చూసుకోవడం తప్పనిసరి.

కియాస్సో సరిహద్దులో ఇటలీ పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు చూశారు. మిలానో చెంత్రాలే స్టేషన్ 1931 నాటిది, రాజభవనంలా ఉంటుంది. పెట్టెలు లాగుతూనే బావగారు పైకప్పు ఫోటోలు తీశారు.

మంగళవారం, మిలాన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి ఇంటికి

మిలాన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా రైలు కూడా ఉంది, ఏడు గంటల పైన. ఆ చివర అంతర్జాతీయ విమానం పట్టుకోవాలి కాబట్టి దాని జోలికి పోలేదు. ఈ చివరి భాగానికి కనెక్టింగ్ ఫ్లైటే సరైనది. ఒకే టికెట్, లగేజీ మిలాన్ మల్పెన్సా విమానాశ్రయంలో ఇచ్చేస్తే ఇంటి దగ్గరే తీసుకోవడం. బావగారు మొదట కోరుకున్నది ఇదే, ఈ భాగంలో ఆయన మాటే నెగ్గింది.

చెంత్రాలే నుంచి మల్పెన్సా ఎక్స్‌ప్రెస్‌లో ముప్పావు గంట పైనే పట్టింది. కౌంటర్‌లో పెట్టెలకి ట్యాగులు కట్టాక ఒక్కొక్కటీ చదివాను. పెద్ద అక్షరాలతో చివరి ఊరి కోడ్ ఉండాలి, కింద చిన్నగా ఫ్రాంక్‌ఫర్ట్ ఉండాలి. మూడు ట్యాగులూ అలాగే ఉన్నాయి. చివరి కోడ్‌గా ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్కటే కనిపిస్తే మాత్రం అక్కడే ఆగి అడగాలి, పెట్టె అంతదాకానే వెళ్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారడానికి యాభై అయిదు నిమిషాల టికెట్ కూడా అమ్మారు, సంస్థ లెక్క ప్రకారం అది చాలు. మేం రెండున్నర గంటలది తీసుకున్నాం. మిలాన్ నుంచి వచ్చింది షెంగెన్ విమానం కాబట్టి మళ్లీ సెక్యూరిటీ లేదు. ఎ గేట్ల పై అంతస్తులోనే జెడ్ గేట్లు, మధ్యలో పాస్‌పోర్టు తనిఖీ. యూరప్ విడిచినట్టు నమోదయ్యేది మిలాన్‌లో కాదు, ఇక్కడే. అక్క వీల్‌చైర్‌కి మనిషి విమానం తలుపు దగ్గరే ఉన్నాడు.

గేటు దగ్గర మిగిలిన సమయంలో బావగారు మన్‌హైమ్ ఆలస్యానికి పరిహారం ఫారం నింపారు. గడువు మూడు నెలలు, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. ముద్ర వేసిన టికెట్ ఫోటో జత చేశారు. "సగం డబ్బులంటే ముగ్గురివీ కదా?" అని అడిగారు. ముగ్గురివీ అన్నాను. సబ్మిట్ నొక్కి ఫోన్ జేబులో పెట్టుకునేసరికి మా వరసని బోర్డింగ్‌కి పిలిచారు.